ఎవరికీ చూపించకు అన్నది నేనే

మా వీధిలో ఒక అమ్మాయికి ఈ మధ్య ఏఎన్ఎం ఉద్యోగం వచ్చింది. స్వీటు పెట్టె పట్టుకుని వచ్చి, "మీరు ముప్పై ఆరేళ్లు చేశారు కదండీ, నాకు నాలుగు ముక్కలు చెప్పండి" అంది. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. సూది ఎలా వేయాలో, బీపీ ఎలా చూడాలో వాళ్లకి ట్రైనింగులో నేర్పుతారు. నాకంటే బాగానే నేర్పుతారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. అది టీ తాగే సేపట్లో అయ్యేది కాదు. అందుకే రాస్తున్నాను.

నా పేరు జైబున్నీసా. ఏలూరులో తివాచీలు నేసే ఇంట్లో పుట్టాను. మొదటి పోస్టింగు ఆకివీడు అవతల కొల్లేటి లంక ఊళ్లలో. అక్కడ నా పేరు ఎవరికీ నోరు తిరగలేదు. మొదటి వారంలోనే 'బీబీ నర్సమ్మ'ని చేసేశారు. తరవాత చాలాకాలం తాడేపల్లిగూడెంలో పనిచేసి, ఆఖరి ఏళ్లలో సూపర్‌వైజరుగా మళ్లీ ఆకివీడు వైపే వచ్చాను. ఇందులో మనుషుల పేర్లు మార్చాను, ఊరి పేరు చెప్పను. నా తప్పులు మాత్రం మార్చలేదు.

రిజిస్టరులో లేని వాళ్లు

మా రోజుల్లో ఉద్యోగమంతా ఒక పెద్ద రిజిస్టరు చుట్టూ తిరిగేది. అర్హులైన దంపతుల రిజిస్టరు అనేవాళ్లు. పెళ్లయి, పిల్లల్ని కనే వయసులో ఉన్న ప్రతి జంటకీ అందులో ఒక వరస. ఎంతమంది పిల్లలు, ఆపరేషను అయిందా, కాకపోతే ఎందుకు కాలేదు, అన్నిటికీ గడులు. పెళ్లి కాని మనిషికి అందులో చోటు లేదు. నలభై తొమ్మిది దాటిన ఆవిడకీ లేదు. ఆ ఏడు రాగానే ఎర్ర పెన్నుతో పేరు కొట్టేసేవాళ్లం. ఎక్కాల్సిన గడప ఒకటి తగ్గిందని ఆ గీత కొట్టేటప్పుడు నాకు హాయిగా కూడా ఉండేది.

అలా ఏళ్ల తరబడి చేస్తే బుర్ర కూడా ఆ రిజిస్టరు లాగే తయారవుతుంది. ఆడమనిషి ఒళ్లంటే కడుపు రావడం, రాకుండా చూడడం, అంతే అనుకున్నాను. నలభై ఏడో ఏట నాకే గుండె దడ, ఒళ్లంతా ఆవిర్లు మొదలయ్యాయి. గుండెజబ్బేనని ఖాయం చేసుకుని ఈసీజీ తీయించుకున్నాను. డాక్టరుగారు కాగితం చూసి, "సిస్టర్, మీకు నెలసరి ఎప్పుడొచ్చింది?" అని అడిగారు. లెక్క చూసుకుంటే నాలుగు నెలలు దాటింది. ఊరందరి నెలసరి తేదీలూ నోటికి చెప్పగలిగిన దాన్ని, నాది మరిచిపోయాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "నువ్వే నర్సువి, నన్నడిగితే ఎలా?" అన్నారు. ఆ మాటా నిజమే.

అప్పటి నుంచీ నలభై దాటిన వాళ్లని చూసే చూపు కొంత మారింది. ఉంగుటూరు వైపు రైతు ఒకాయన వచ్చి, "మా ఆవిడకి పిచ్చెక్కినట్టుందండీ, పుష్యమాసంలో కూడా ఫ్యాను ఆపనివ్వట్లేదు" అంటే నవ్వొచ్చింది గానీ, కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. కడుపులో కాస్త నొప్పి వస్తే చాలు, ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించేసుకుని 'పీడా పోయింది' అనుకునే వాళ్లతో తగువు కూడా పెట్టుకున్నాను. అది తీసేస్తే పోయేది పీడ ఒక్కటే కాదని చెబితే కొందరు విన్నారు. చాలామంది వినలేదు. అయితే ఇదంతా పెళ్లయిన ఆడవాళ్ల సంగతి. మంగ సంగతి వేరు.

మల్లెపూలు

ఇరవై ఆరేళ్ల కిందటి మాట. లంక ఊరికి అప్పట్లో దోనె ఎక్కి వెళ్లేదాన్ని. మంగకి ఇరవై ఏళ్లు. చేపలకు ఐసు వేసి పెట్టెలకెత్తే చోట పనిచేసేది. అక్కడికి లారీలతో వచ్చిపోయే మనిషి ఒకడు పెళ్లి చేసుకుంటానన్నాడు. కడుపని తెలిశాక లారీ వచ్చింది గానీ ఆ మనిషి రాలేదు. అతని గురించి ఇంతకంటే రాయను. రాయడానికి అతని పేరున ఏ గడీ ఎక్కడా లేదు.

మంగకు తల్లీ తండ్రీ లేరు. అన్న, వదిన ఉన్నారు. వదిన పేరు కనకం. పెళ్లయి ఆరేళ్లయినా ఆవిడకు పిల్లల్లేరు. అయిదో నెల దాటాక ఇంట్లో సంగతి బయటపడితే అన్న చెయ్యి చేసుకోబోయాడు. కనకం అడ్డం పడి, తనకే కడుపొచ్చిందని ఊళ్లో చెప్పి, మంగని తోడుగా తన పుట్టింటికి తీసుకుపోయి నాలుగు నెలలు దాచింది. నెలలు నిండాక నా సబ్‌సెంటరుకు తెచ్చింది. మే నెల మిట్టమధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది.

కనకం పిల్లని ఒడిలోకి తీసుకుని, "నర్సమ్మగారూ, తల్లి పేరు నాది రాయండి" అంది.

"అలా రాయకూడదు కనకం."

"రాయకపోతే ఈ పిల్లనేం చేస్తారండీ ఊళ్లో? మంగనేం చేస్తారు? నాకు లేరు, దానికి వద్దు. మీరు ఒక్క ముక్క రాస్తే ముగ్గురం బతుకుతామండీ."

నేను మంగ వైపు చూశాను. మంగ గోడ వైపు తిరిగి పడుకుంది. తనని ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. పెన్ను తీసి కనకం పేరు రాశాను. మంచిపని చేశానని ఆ రోజు ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తిన్నాను.

వాళ్లని సబ్‌సెంటరులోనే ఉంచాను, మూడో రోజుకి మంగకు పాలు పడ్డాయి. జాకెట్టు తడిసిపోతోంది, పక్క గదిలో పిల్ల ఏడుస్తోంది. పిల్ల ఏడ్చినప్పుడల్లా మంగ లేచి కూర్చుంటోంది. "ఒక్కసారి ఇస్తానొదినా" అంది. కనకం ఒప్పుకోలేదు. "ఒక్కసారి ఇస్తే నువ్వు వదల్లేవే" అంది. ఆ మాట అంటూ కనకం కూడా ఏడ్చింది.

పాలు వెనక్కి పోవాలంటే మల్లెపూలు కట్టడం మా వైపు పాత వాడుక. పసిబిడ్డ పోయిన తల్లులకి అలా కట్టేవాళ్లు. ఆకివీడు బజారు నుంచి మూరల కొద్దీ పూలు తెప్పించాను. రొమ్ముల మీద ఒత్తుగా పేర్చి, పాత చీర ముక్కతో బిగించి కట్టాను. వాడినవి తీసేసి మళ్లీ కొత్తవి. గదంతా పెళ్లివారిల్లులా ఘుమఘుమలాడింది. ఆ వాసన ఇప్పటికీ నాకు పడదు.

రెండు రోజులకి మంగ, "రాళ్లలాగా గట్టిపడ్డాయండీ, నొప్పండీ" అంది.

"పాలు గడ్డకట్టాయమ్మా. భయపడకు, కొన్నాళ్లకు వాటంతటవే కరిగిపోతాయి. అందాకా ఎవరికీ చూపించకు. చూపిస్తే పిల్లని కన్న సంగతి తెలిసిపోతుంది."

"అలాగేనండీ" అంది మంగ.

ఈ ఉద్యోగంలో నేను చెప్పిన మాటలు ఎందరో విన్నట్టే తలూపి మరిచిపోయారు. ఐరన్ మాత్రలు గోడవతల పారేశారు. ఈ ఒక్క మాటని మాత్రం మంగ తు.చ. తప్పకుండా పాటించింది.

కుర్చీ ఎక్కడ వేయాలి

మా పై అధికారుల్లో చాలామందికి లెక్కలు పంపితే చాలు, మనుషులతో పనిలేదు. ఒకే ఒక్కావిడ దగ్గర పని నేర్చుకున్నాను. తాడేపల్లిగూడెంలో మా మెడికల్ ఆఫీసరు. మహా కోపిష్టి. నేను ఒకసారి ఒక కోడలిని అత్తగారి ఎదుటే 'ఎన్ని నెలలు, ఇంతకుముందు కడుపేమైనా పోయిందా' అని అడుగుతున్నాను. డాక్టరమ్మగారు గదిలోంచి లేచి వచ్చి, అత్తగారు కూర్చున్న కుర్చీని ఎత్తి వరండాలో వేశారు. "అమ్మా, మీరు ఇక్కడ కూర్చోండి, గాలి బాగా వస్తుంది" అన్నారు. లోపలికొచ్చి నాతో, "ముందు కుర్చీ జరుపు, తరవాత ప్రశ్న అడుగు. వాళ్లెదురుగా చెప్పేది జవాబు కాదు, మర్యాద" అన్నారు. ఆ కోడలు అప్పుడు చెప్పింది, పెళ్లికి ముందొకటి పోయిందని.

ఆ ముక్క తరవాత వందమందికి నేర్పి ఉంటాను. నాకు అవసరం వచ్చిన రోజున మాత్రం పాటించలేదు.

రిటైరవడానికి కొద్ది నెలల ముందు, ముప్పై దాటిన ఆడవాళ్లందరికీ పరీక్షలు చేసే పని వచ్చింది. బీపీ, షుగరు, నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం, అన్నీ చూడాలి. నా మాట వినండి, మా శాఖ నా సర్వీసులో చేసిన మంచి పనుల్లో ఇదొకటి. మొదటిసారి, మొగుడెవరని కాకుండా ఒళ్లెలా ఉందని అడిగాం. మంగ ఊళ్లో అంగన్‌వాడీలో క్యాంపు పెట్టాం. ఆ అంగన్‌వాడీలో ఆయా మంగే. పెళ్లి చేసుకోలేదు. ఊరి పిల్లలందరికీ అన్నం కలిపి పెడుతుంది. కనకం కూతురు పావనికి మేనత్త.

కొత్తగా చేరిన ఏఎన్ఎం బల్ల వేసుకుని ఫారాలు రాస్తోంది. చుట్టూ పాతికమంది ఆడవాళ్లు. మంగ వంతు వచ్చింది.

"పెళ్లయిందా?"

"లేదండీ."

ఆ అమ్మాయి 'పిల్లలు', 'పాలిచ్చారా' అన్న గడులకు అడగకుండానే అడ్డగీతలు కొట్టేసింది. తప్పు పట్టలేను, మేం నేర్పిందే. రొమ్ము పరీక్షకి తెర వెనక్కి రమ్మంటే మంగ, "నాకేం లేదండీ" అంటూ నా వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. కుర్చీలు జరపాల్సింది, అందరినీ బయటికి పంపాల్సింది. "బాగానే ఉందని రాసెయ్యమ్మా" అన్నాను. మంగ పరువు కాపాడుతున్నానని అనుకున్నాను. కాపాడుకున్నది నన్ను.

ఒకటి కరగలేదండీ

రిటైరై ఏడాది దాటింది. ఒక ఉదయం గేటు చప్పుడైతే చూశాను. మంగ. ఏలూరు బస్టాండు నుంచి నడిచొచ్చిందట. చేతిలో ఎండురొయ్యల పొట్లం. మంచినీళ్లు తాగి, కుశలాలు అడిగి, మా మనవరాలు స్కూలుకి వెళ్లేదాకా ఆగింది. అప్పుడు చెప్పింది.

"నర్సమ్మగారూ, అప్పుడు మీరు కరిగిపోతాయన్నారు కదండీ. ఒకటి కరగలేదండీ."

వెంటనే గదిలోకి తీసుకెళ్లి చూశాను. ఎడమ వైపు, నిమ్మకాయంత. పైన చర్మం లోపలికి లాగింది.

"ఎన్నాళ్లయిందే?"

"రెండేళ్ల కిందట చేతికి తగిలిందండీ. అంతకు ముందు నుంచీ ఉండే ఉంటుందనుకున్నా. మీరు పూలు కట్టిన చోటే కదండీ."

"క్యాంపులో ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికీ చూపించొద్దన్నారు కదండీ. మీరు కూడా అక్కడే ఉన్నారాయె."

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా రాయాలి, ఎవరూ పొరపడకూడదు. పూల వల్ల ఆ జబ్బు రాలేదు. గడ్డకట్టిన పాలు ఇరవై ఆరేళ్లు లోపల ఉండవు. జబ్బు నేను తేలేదు. ఆలస్యం నేను తెచ్చాను. రొమ్ములో గడ్డ చేతికి తగిలితే, నొప్పి ఉన్నా లేకున్నా, పెళ్లయినా కాకపోయినా, ఆ వారంలోనే చూపించుకోవాలి. ఈ ఒక్క వాక్యం ఇరవై ఆరేళ్ల కిందట చెప్పి ఉంటే సరిపోయేది.

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లాను. పావని ఏలూరు పక్కన వట్లూరులో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు, అక్కడే గది తీసుకుని ఉంటుంది. అత్తకి బాగోలేదని తెలిసి సెలవు పెట్టి వచ్చింది. డాక్టరమ్మ చిన్నపిల్లే, ఓపికగా అడుగుతోంది. పెళ్లి? లేదు. పిల్లలు? మంగ పావని వైపు చూసింది, నా వైపు చూసింది. ఈసారి లేచాను. "పావనీ, నువ్వు కాసేపు బయట కూర్చోమ్మా" అని కుర్చీ వరండాలో వేశాను.

తలుపు వేశాక మంగ ఒక్క ముక్కలో చెప్పింది: "ఒక కానుపండీ, ఆడపిల్ల. పాలివ్వలేదండీ."

గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. ఆపరేషను చేయాలి, తరవాత మందులు ఎక్కించాలి, ఆశ ఉంది అన్నారు. అన్నీ చెప్పాక డాక్టరమ్మ, "ఆ బిడ్డ ఎక్కడుంది? తల్లికి ఈ వయసులో వస్తే కూతురు ముందు నుంచే జాగ్రత్తగా చూపించుకోవాలి. ఆమెకు తెలియాలి" అంది.

మంగ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. "చెప్పనండీ. వదినకి మాటిచ్చాను. నేను పోయినా ఫరవాలేదు" అంది.

"నువ్వు పోతే నీకు ఫరవాలేదేమో. రేపు అదే గడ్డ పావని చేతికి తగిలితే? మా ఇంట్లో ఎవరికీ లేదనుకుని అదీ ఊరుకుంటే?"

మంగ మెట్ల మీంచి లేచి నిలబడింది. "నేను చెప్పలేనండీ. చెబితే వదినే చెప్పాలి. పెంచింది తను" అంది.

కనకం

కనకం ఇంటికి నేనే వెళ్లాను. ఇప్పుడు దోనె అక్కర్లేదు, ఆటో గుమ్మం దాకా పోతుంది. విన్నాక కనకం నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"రాసింది మీరేనండీ. ఇప్పుడు మీరే వచ్చి చెరపమంటే ఎలాగండీ?"

"నిజమే కనకం. రాయడమే తప్పు."

"తప్పా? మీరు రాయకపోతే అది ఏమయ్యేదండీ? జ్వరమొస్తే ఎవరు ఎత్తుకున్నారు? స్కూలు ఫారాల్లో ఎవరు సంతకాలు పెట్టారు? దాని అమ్మని నేనండీ. ఇప్పుడు చెప్పాక నేనెవర్నవుతాను?"

నాకు సర్వీసులో అలవాటైన ధైర్యం మాటలు నాలుగు నోటి దాకా వచ్చాయి, మింగేశాను. "మంగ నోరు విప్పదు. నువ్వు వద్దంటే నేనూ విప్పను. కానీ పావని ఒంటికి నీ మాటా నా మాటా తెలియవు" అని మాత్రం అన్నాను. కనకం తలుపు వేసేసుకుంది.

ఆపరేషను అయింది. కనకం ఆసుపత్రిలో వారం రోజులు మంగ పక్కనే నేల మీద పడుకుంది, జావ తాగించింది, జడ వేసింది. నాతో మాట్లాడలేదు. మూడు వారాల తరవాత ఒక ఆదివారం ఒంటరిగా వట్లూరు వెళ్లి, పావనికి తనే చెప్పింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు.

పావని పది రోజులు ఆ ఇద్దరితో మాట్లాడలేదు. నాతో మాట్లాడడానికి నెల దాటింది. వచ్చి, మా వరండాలో నిలబడే అంది: "ఊళ్లో మీరు ఎదురైనప్పుడల్లా నమస్కారం పెట్టేదాన్నండీ. అప్పుడైనా ఒక్కసారి మీకు చెప్పాలనిపించలేదా?"

"లేదమ్మా. అనిపించకుండా చూసుకున్నాను" అన్నాను. అదే నిజం. క్షమించమని అడిగాను. క్షమించానని ఆ అమ్మాయి అనలేదు. కాఫీ మాత్రం తాగి వెళ్లింది.

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకి ఇది చదివితే, 'అయితే ఆ రోజు ఏం రాయాలి?' అనిపిస్తుంది. నాకూ ఇప్పటికీ పూర్తిగా తెలియదు. నిజం రాస్తే ఆ ఊరు ఆ పిల్లని బతకనిచ్చేదా అన్నది అనుమానమే. కానీ మంగని అడగకుండా రాశాను చూడండి, అక్కడ అనుమానం లేదు, అది తప్పే. రహస్యం దాచడం మన పనిలో భాగం. కాకపోతే ఎవరి రహస్యమో వాళ్ల దగ్గరే ఉండాలి. మంగ రహస్యాన్ని కనకమూ నేనూ పంచుకుని, కావలి కాసే పని మంగకి అప్పజెప్పాం.

తల్లి పేరు

పోయిన నెల పావని తన పరీక్షల కోసం ఆసుపత్రికి వచ్చింది. మంగకి మందులు ఎక్కించడం పూర్తయింది. జుట్టు ఇప్పుడిప్పుడే మళ్లీ వస్తోంది, తలకి చేతిరుమాలు కట్టుకుంది. మొన్నటి పరీక్షలో బాగుందన్నారు. బాగుందంటే ఇప్పటికి బాగుందని. కనకం కూడా వచ్చింది. నన్ను పావనే ఫోను చేసి రమ్మంది. ఎందుకని అడగకుండా వెళ్లాను.

ఫారం రాసే నర్సు మా వీధి అమ్మాయి ఈడుదే. గదిలో ముగ్గురు పెద్దవాళ్లని చూసి, "పేషెంటు ఒక్కరే ఉండండి, మిగతావాళ్లు బయట కూర్చోండి" అంది. నాకు భలే సంతోషమేసింది. లేవబోతుంటే పావని, "వీళ్లని ఉండనివ్వండి, నేనే ఉండమన్నాను" అంది.

"మీ కుటుంబంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సరు వచ్చిందాండీ?"

"వచ్చిందండీ. మా అమ్మకి."

"అమ్మగారి పేరు?"

పావని ఇద్దరి వైపూ చూసి తల దించుకుంది. నర్సు పెన్ను పట్టుకుని ఎదురు చూస్తోంది. కనకం కుర్చీలోంచి లేచింది. మంగ భుజం పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

"మంగ అని రాయండమ్మా" అంది కనకం.

నర్సు రాయబోయింది. మంగ బల్ల మీదికి వంగి ఆ కాగితం వైపు చూసింది.

"మంగతాయారండీ" అంది. "పూర్తిగా రాయండి."